చిన్నక్క చూడని బిట్ పేపర్

చిన్నక్క నిలబడి చదివేది. మేమంతా కింద బండల మీద, పెద్ద తరగతులకు వచ్చాక బెంచీల మీద కూర్చుంటే, ఆమె వెనక గోడకు వీపు ఆనించి, ఎడమ కాలు కొంచెం ముందుకు పెట్టి, పుస్తకం గుండెల ఎత్తున పట్టుకుని నిలబడేది. కొత్తగా వచ్చిన సార్లు మొదటి రోజు "ఏయ్, ఎవరు నిన్ను నిలబెట్టింది?" అని అడిగేవాళ్ళు, పనిష్మెంట్ అనుకుని. "ఎవరు నిలవెట్టలే సారూ, కూసుంటే నొస్తది" అనేది. అంతే, ఇంకేం చెప్పేది కాదు.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. బళ్ళో రెండేళ్ళు ఆలస్యంగా వేశారు కాబట్టి మా అందరికంటే పెద్దది. అందుకే చిన్నక్క అయింది. మా ఊరు మర్రిగూడ దిక్కు. ఆ దిక్కు అంటే నల్లగొండ వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. మా అందరి పండ్ల మీదా పసుపు, గోధుమ రంగు చారలు ఉండేవి. నల్లగొండ బస్టాండులో నోరు తెరిచి నవ్వితే చాలు, "మర్రిగూడ దిక్కోళ్ళా బిడ్డా?" అని అడిగేవాళ్ళు. చారల దగ్గర ఆగినవాళ్ళం అదృష్టవంతులం. చిన్నక్కకు ఆ నీళ్ళు ఎముకల దాకా పోయినయి. మోకాళ్ళు పూర్తిగా మడత పడవు, నడుము వంగదు. పావుగంట కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోవాలి. నిలబడితే నొప్పి ఉండదని కాదు, తక్కువ ఉంటుంది.

ఆ మనిషికి ఉన్న జ్ఞాపకశక్తి నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు సోషల్ చెప్తున్నాను, వేలమందిని చూశాను, అయినా ఈ మాట అంటున్నాను.

మాకు ఆ సోషల్ పిచ్చి పట్టించింది ఒక సారు. అంతకుముందు మక్తల్ దిక్కు పనిచేసి మా ఊరికి బదిలీ మీద వచ్చారు. ప్రతి శనివారం మధ్యాహ్నం బడి వెనక చింతచెట్టు కింద నోటిపరీక్ష పెట్టేవారు. టిఫిన్ డబ్బా మూతలో మడత పెట్టిన చిట్టీలు ఉండేవి. చిట్టీ తీసినవాళ్ళు ఆ విషయం గురించి నిలబడి చెప్పాలి. మిగతావాళ్ళలో ముగ్గురు తలా ఒక ప్రశ్న అడగాలి. ఆ మూడింట్లో ఒకటి "నాకు రాదు" అనవచ్చు, తప్పు లేదు. ప్రశ్న అడిగినవాళ్ళను కూడా సారు గమనించేవారు, ఎందుకంటే విషయం తెలియకుండా ప్రశ్న అడగలేం కదా. సారు దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్కు ఉండేది, కిరాణా దుకాణాల్లో ఖాతా రాసే లాంటిది. అందులో మార్కులు ఉండేవి కావు. ప్రతి పేరు ఎదురుగా రెండు గడులు. ఒకదాని మీద "చెప్పింది", రెండోదాని మీద "మరిచింది". అంతే రాసేవారు.

చిన్నక్క పేరు ఎదురుగా రాసింది నేను ఒకసారి తొంగి చూశాను. "కృష్ణా ఉపనదులు. తుంగభద్ర, మూసీ, దిండి, హాలియా చెప్పింది. వాడపల్లి దగ్గర మూసీ కలవడం చెప్పింది." పక్క గడిలో: "భీమా మరిచింది." వచ్చే శనివారం సారు చిట్టీ తీయించకుండానే ఆమెను అడిగారు, "అమ్మా, మొన్న నువ్వు దారిలో ఒక నదిని విడిచిపెట్టి వచ్చినవు, తీసుకొచ్చినవా?" చిన్నక్క నవ్వి, తంగిడి దగ్గర భీమా కృష్ణలో కలుస్తదని, మన రాష్ట్రంలో కృష్ణ అడుగుపెట్టేది ఆ పక్కనుంచేనని, అక్కడ ఎండకాలం రాళ్ళు తేలితే నడిచి పోవచ్చని చెప్పింది. చివరి ముక్క పుస్తకంలో లేదు. మక్తల్‌లో ఉన్నప్పుడు సారు చూసి, ఏదో ఒక రోజు మాట వరసకు చెప్పిన మాట అది. ఆమె పట్టుకుంది.

ఆ నోటిపరీక్షకు మేం భయపడలేదా అంటే, భయపడ్డాం. శనివారం పొద్దున అన్నం సరిగ్గా తినబుద్ధి అయ్యేది కాదు. నేనైతే చిట్టీ తీసేముందు రెండు చేతులూ లంగాకు తుడుచుకునేదాన్ని. కానీ ఆ భయం సాయంత్రానికి అయిపోయేది. మరిచింది వచ్చే వారం చెప్పుకోవచ్చు. ఇంటికి పోయి నాయినకు చెప్పాల్సిన నంబరు ఏదీ ఉండేది కాదు. పిల్లల ఒత్తిడి గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ చింతచెట్టే గుర్తొస్తుంది. అడగడం వల్ల పిల్లలు నలగరు. ఒక్కసారే అడిగి, ఆ జవాబును జీవితమంతా మెడకు కట్టినప్పుడు నలుగుతారు.

సైన్సు సారు కూడా మంచివారే. ఒకసారి రెండు ప్లాస్టిక్ బకెట్లు పెట్టి నల్లగొండ టెక్నిక్ చూపించారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. ఫ్లోరైడ్ నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి బాగా కలిపి, తేటపడనిచ్చి, పైనీళ్ళు వడకట్టుకోవాలి. మా జిల్లా పేరుతో వేరే దేశాల్లో కూడా పుస్తకాల్లో ఉందని చెప్పారు. చిన్నక్క కర్రతో నీళ్ళు కలుపుతూ కలుపుతూ ఆగింది. "నల్లగొండ పేరు పెట్టిండ్రు గద సారూ, మరి మనూర్ల ఎందుకు లేదు?" సారు చాలాసేపు బకెట్లోకి చూస్తూ ఉండిపోయారు. ఆ ప్రశ్నకు ఎన్ని మార్కులు వెయ్యాలి? ఏ పేపర్లో వెయ్యాలి?

ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటికీ కామన్ పరీక్ష ఉండేది, హాల్ టికెట్లతో సహా. మాకది 1993. సెంటర్ మా బళ్ళోనే పడింది కాబట్టి పెద్దసారు చిన్నక్కను కిటికీ దగ్గర నిలబెట్టారు. కిటికీ గట్టు ఆమె మోచేతుల ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. అట్ట దాని మీద పెట్టుకుని, మధ్యమధ్యలో బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ రాసింది. మా బళ్ళో ఫస్ట్ వచ్చింది. ఆ కిటికీ గట్టు సంగతి అప్పుడు మాకెవరికీ పెద్ద విషయంగా తోచలేదు.

పది 1996 మార్చిలో. ఇప్పటి పిల్లలకు ఆరు పేపర్లు. మాకు పదకొండు. తెలుగు రెండు, హిందీ ఒకటి, ఇంగ్లీషు రెండు, లెక్కలు రెండు, సైన్సు రెండు, సోషల్ రెండు. మొత్తం ఆరువందల మార్కులు. హిందీ తప్ప ఒక్కో పేపర్ రెండున్నర గంటలు. మొదటి రెండు గంటలు పార్ట్ ఎ, ముప్ఫయి అయిదు మార్కులు. చివరి అరగంటకు బిట్ పేపర్ ఇచ్చేవాళ్ళు, పదిహేను మార్కులు. ఆ బిట్ పేపర్ మీదే జవాబులు రాసి ఇచ్చెయ్యాలి. ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు గానీ బిట్ పేపర్ రాదు. హాల్లో ఉన్నవాళ్ళే దాన్ని చూస్తారు.

సెంటర్ మా ఊరికి పదమూడు కిలోమీటర్లు. తెల్లారి మొదటి బస్సుకు పోయేవాళ్ళం. అమ్మ చేతిలో పెరుగు పోసి చక్కెర పెట్టేది, చిన్నక్క వాళ్ళమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరుని బండారి ఆమె నుదుట పెట్టేది. ఆ రోడ్డు ఎట్లా ఉండేదో చెప్పలేను. సీటు ఖాళీగా ఉన్నా చిన్నక్క కూర్చునేది కాదు, కడ్డీ పట్టుకుని నిలబడేది. బస్సు ఎగిరినప్పుడల్లా కండ్లు మూసుకునేది. ఆ కండ్లు మూసుకున్నప్పుడు కూడా పెదవులు కదిలేవి. ఏదో వల్లె వేసుకుంటోందని మాకు తెలిసేది.

మొదటి రోజే ఇన్విజిలేటర్‌ను అడిగింది. "సారూ, నేను కిటికీ కాడ నిలవడి రాస్త." ఆయన చెడ్డవాడని నేను చెప్పను. రూల్ ప్రకారం నంబరు వేసిన చోటే కూర్చోవాలి అన్నాడు. స్క్వాడ్ వస్తే నా ఉద్యోగం పోతుంది అన్నాడు. పక్కవాళ్ళ పేపర్ కనిపిస్తుంది అన్నాడు. అంధులకు పక్కన రాసిపెట్టే మనిషిని ఇస్తారని విన్నాం గానీ, నడుము వంగని పిల్లకు ఏమిస్తారో అక్కడ ఎవరికీ తెలియదు. మా బడి నుంచి ఒక కాగితం రాసివ్వాలని మా పెద్దలకూ తట్టలేదు. తట్టకపోవడమే మా తప్పు.

ఆ పరీక్షలన్నీ ఎట్లా రాసిందో నేను చూశాను. రెండు బెంచీల అవతల ఉండేది. ఎడమ చెయ్యి బెంచీ అంచును గట్టిగా పట్టుకుని ఉండేది, వేళ్ళ కణుపులు తెల్లబడేవి. కుడి చెయ్యి రాసేది. అరగంటకోసారి రెండు చేతులూ బెంచీ మీద ఆనించి, ఒంటిని పైకి లేపి, ఒక్క క్షణం అట్లా ఆపి మళ్ళీ దించేది. అప్పటికి రవిక వెనక అంతా చెమటతో తడిసేది.

లెక్కలు రెండో పేపర్ నాడు గంట కాగానే లేచి నిలబడింది. "కూర్చో" అన్నాడు. కూర్చుంది. ఇంకో పదినిమిషాలకు మళ్ళీ లేచింది. "రాస్తే రాయి, లేకుంటే ఇచ్చి పో. తమాషా చెయ్యకు." చిన్నక్క కాసేపు పేపర్ దిక్కు చూసింది. తర్వాత దాన్ని మడత పెట్టకుండా, రెండు చేతులతో, గుళ్ళో ఏదో ఇచ్చినట్టు ఆయనకు ఇచ్చి, గోడ పట్టుకుని నడుచుకుంటూ బయటికి పోయింది.

నేను తలెత్తి చూశాను. మళ్ళీ దించుకున్నాను. ఒక సిద్ధాంతం సగంలో ఉంది. రాస్తూనే ఉన్నాను. ఒక్క మాట, "సారూ, ఆమెకు రోగం సారూ" అని ఒక్క మాట అనలేదు. పదిహేనేళ్ళ పిల్లవు, ఏం అనగలవు అని మా ఆయన చాలాసార్లు అన్నాడు. కానీ ఎందుకు అనలేదో నాకు తెలుసు. నా మీద ఇంకో లెక్క ఉంది.

మా నాయిన బత్తాయి తోటలో జీతం ఉండేవాడు. నాకు సంబంధం చూసి పెట్టారు, నకిరేకల్ దిక్కు. నేను ఏడిస్తే నాయిన అన్నాడు, "ఫస్ట్ క్లాసు తెచ్చుకో, నల్లగొండ కాలేజీల ఏస్త. రాకుంటే జ్యేష్ఠంల లగ్గం." నాయిన మాట అంటే మాటే. మూడువందల అరవై మార్కులు నాకు చదువుకూ, పెండ్లికీ మధ్య ఉన్న గీత. ఆ గీత దాటడానికి నేను తల దించుకుని రాశాను.

బయటికి వచ్చేసరికి చిన్నక్క వేపచెట్టు కింద నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. అట్లా పడుకుంటే నడుముకు బాగుంటుందని చెప్పేది. నన్ను చూసి ఏడవలేదు. "బిట్ పేపర్ల ఏమొచ్చిందే?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. "నువ్వెందుకు లేసి పోయినవ్? ఇంకో గంట ఓర్చుకోకపోయినవా?" అని కసిరాను. ఆమె మీద కోపం అనుకున్నాను. నా మీద నాకు వచ్చిన కోపమని తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది. బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చేవి. ఫస్ట్ క్లాసు ఒక వరస, సెకండ్ క్లాసు ఒక వరస, థర్డ్ క్లాసు ఒక వరస. ఆ వరసల్లో లేని నంబరు ఇంక ఎక్కడా ఉండదు. సాయంత్రం బస్సుకు ప్రత్యేక సంచిక వచ్చింది. చాయ్ హోటల్ ముందు ఊరంతా ఉన్నది. నా నంబరు ఫస్ట్ క్లాసు వరసలో ఉంది. మూడువందల తొంభై ఒకటి అని తర్వాత మెమో వచ్చాక తెలిసింది. చిన్నక్క వాళ్ళ నాయినకు చదువు రాదు. నంబరు రాసిన చీటీ హోటలాయన చేతిలో పెట్టి, "ఇంకోపారి సూడు అన్నా" అన్నాడు. మూడుసార్లు చూపించాడు. మూడోసారి హోటలాయన చీటీ వెనక్కి ఇవ్వలేక తన జేబులోనే పెట్టుకున్నాడు.

సోషల్‌లో ఆమెకు ఎనభై ఎనిమిది. నాకంటే తొమ్మిది ఎక్కువ. లెక్కల్లో ఇరవై తొమ్మిది. ముప్ఫయి అయిదు రావాలి. ఆరు మార్కులు. బిట్ పేపర్ పదిహేను మార్కులు. ఈ లెక్క నేను ఎన్ని రాత్రులు వేసుకున్నానో చెప్పలేను. మళ్ళీ రాయాలంటే నెలలు ఆగాలి, మళ్ళీ అదే బస్సు, అదే బెంచీ. రాయనంది. ఎవరం బలవంతపెట్టలేదు.

ఇంత చెప్పాక, "అయితే పరీక్షలు తీసెయ్యాలి అంటావా?" అని మీరు అడుగుతారు. స్టాఫ్‌రూములో కూడా అడుగుతారు. ఆ మాట మాత్రం నా నోట రాదు.

ఎందుకంటే హాల్ టికెట్ నంబరుకు కులం లేదు. జీతగాని బిడ్డ అని దాని మీద రాసి ఉండదు. నా పేపర్ ఏ జిల్లాలోనో, స్పాట్ వాల్యుయేషన్‌లో ఎవరో ముఖం తెలియని సారు దిద్దాడు. మా ఊళ్ళో నన్ను "ఓ పిల్లా, ఇటు రా" అని పిలిచేవాళ్ళ చేతుల్లో నా మార్కులు ఉండి ఉంటే ఎన్ని వేసేవాళ్ళో నాకు తెలియనిది కాదు. మా అన్న కూడా అట్లాగే పరీక్ష రాసి సర్వేల్ గురుకులంలో సీటు తెచ్చుకున్నాడు. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన బడి అది. మూడుపూటలా అన్నం పెట్టి చదువు చెప్పారు. ఆ సీటు కోసం నాయిన ఎవరి గడపా తొక్కలేదు. బీదవాడికి పరీక్ష ఒక సాక్షి. ఆ సాక్షిని పంపించేసి, పెద్ద ఇంటి పిల్లల కోసం ఎవరో వచ్చి చెప్పే మంచిమాటను సాక్ష్యంగా పెట్టుకుంటే మా పిల్లలు ఏమైపోతారు?

2020లో ఇది కండ్లారా చూశాను. మార్చి 19న పది పరీక్షలు మొదలయ్యాయి, మూడు పేపర్లు కాగానే కరోనా వల్ల ఆగిపోయాయి. జూన్ 8న ఇక పరీక్షలు లేవు, ఇంటర్నల్ మార్కులతో అందరూ పాస్ అని ప్రకటించారు. ఐదు లక్షలకు పైగా పిల్లలు. అప్పుడది తప్పనిసరి, మంచి నిర్ణయమే. ఆ వారంలో ఒక అమ్మాయి మాస్కు కట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి నా దగ్గరికి వచ్చింది. "మేడం, నిజంగ రాస్తే నాకు ఎన్నొచ్చేటియి?" నాకు నోట మాట రాలేదు. వాళ్ళ ఇంట్లో "ఉత్తగ పాస్ జేసిండ్రంట" అన్నారట. ఇక కాలేజీ ఎందుకు అన్నారట. మర్నాడు నేను పాత ప్రశ్నపత్రాలు పట్టుకుని వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, ఆ పిల్లతో సోషల్ రాయించి, వాళ్ళ నాయిన ముందే దిద్దాను. ఇంటర్నల్ మార్కులు కలిపి ఎనభై రెండు. ఆయన ఆ కాగితాన్ని దస్తీలో మడిచి దాచుకున్నాడు.

అందుకని పరీక్ష వద్దు అనను. ఒక్క రోజు, ఒక్క బెంచీ, ఒక్క తీరు రాత, వీటిని వదలమంటాను. మరిచింది మళ్ళీ చెప్పుకునే రెండో శనివారం కావాలంటాను.

అది అసాధ్యం కాదు, ఒకసారి కాగితం మీదికి వచ్చింది కూడా. 2014-15లో నిరంతర సమగ్ర మూల్యాంకనం పదో తరగతికి వచ్చినప్పుడు నేను శిక్షణలో ముందు వరసలో కూర్చున్నాను. రాతపరీక్షకు ఎనభై, ఏడాది పొడవునా బళ్ళో విడతల వారీగా (వాటినే ఎఫ్ఏలు అంటారు) చూసి వేసే ఇరవై. నాలుగు ఎఫ్ఏలు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఆ మాటలు వింటుంటే నాకు పొడుగు నోట్‌బుక్కు కనిపించింది. మా సారు ముప్ఫయి మందికి చేసింది ప్రభుత్వం అందరికీ చెయ్యమంటోంది అనుకుని పొంగిపోయాను.

ఆ ఏడు ప్రాజెక్టుగా "మా ఇంటి నీళ్ళు" ఇచ్చాను. ఇంట్లో ముసలివాళ్ళు ఏ నీళ్ళు తాగారు, ఎంత దూరం నుంచి తెచ్చారు, ఒంట్లో ఏం మార్పు వచ్చింది, అడిగి రాసుకు రమ్మన్నాను. ఏ పరీక్షలోనూ పది మార్కులు దాటని ఒక పిల్లవాడు వాళ్ళ నాయనమ్మ మోకాలి చుట్టుకొలత టేపుతో కొలిచి, తనదీ కొలిచి, రెండూ పక్కపక్కన రాసుకొచ్చాడు. కింద ఒక వాక్యం: "మా నాయనమ్మ నాకన్న పొట్టిగ లేదు, వంగింది." నేను ఆ వాక్యానికి ఐదుకు ఐదు వేశాను.

తర్వాత్తర్వాత ఏమైందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఫైళ్ళు పెరిగాయి, ఆన్‌లైన్ ఎంట్రీలు పెరిగాయి. అరవైమంది పిల్లలు, ఐదు క్లాసులు, నాలుగు ఎఫ్ఏలు. చూడాల్సిన టైము రాయడానికి పోయింది. ప్రాజెక్టులు జిరాక్స్ సెంటర్లలో తయారుగా దొరకడం మొదలైంది. పిల్లవాణ్ణి చూడకుండానే ఇరవైకి ఇరవై వేసే బళ్ళు ఉన్నాయని అందరూ చెప్పుకున్నారు. ఆఖరికి 2024 నవంబర్‌లో ఇంటర్నల్స్ తీసేసి వందకు వంద రాతపరీక్షే అన్నారు, మర్నాడే ఆ మార్పు వచ్చే ఏడు నుంచి అన్నారు. స్టాఫ్‌రూములో కొందరు "పీడ పోయింది" అన్నారు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. మందు సరిగ్గా కలపకుండా ఇచ్చి, రోగం తగ్గలేదని మందునే పారబోయబోయాం. టీచర్‌కు పిల్లల్ని తక్కువ ఇచ్చి, టైము ఎక్కువ ఇచ్చి, మార్కుకు బదులు "చెప్పింది, మరిచింది" రాయమని చూడండి. మేం చెయ్యగలం.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని గొడవ అయింది, త్రిసభ్య కమిటీ వేశారు. ఆ వారమంతా నేను పాత విద్యార్థులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరి నంబర్లు మారిపోయినయి. ఆ స్విచ్చాఫ్ మాట వింటుంటే చేతులు వణికేవి. అప్పటినుంచి ఫలితాల రోజు సెలవైనా సరే, నేను బడికి పోతాను. గేటు తీసి కూర్చుంటాను. పాసైనవాళ్ళు మిఠాయిలు పట్టుకుని వస్తారు, వాళ్ళ కోసం కాదు. మనసు బాగా లేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే టెలి మానస్ ఉచిత నంబరు 14416 మా పదో తరగతి నల్లబల్ల మూలన ఏడాది పొడవునా ఉంటుంది. తుడిచినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ రాస్తారు. ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు.

ఇన్విజిలేషన్ డ్యూటీ పడినప్పుడు మొదటి రోజు గంట కొట్టకముందే అడుగుతాను, కూర్చుని రాయడం ఎవరికైనా కష్టమా అని. ఇప్పుడు దివ్యాంగులకు అదనపు సమయం ఉంది, రాసిపెట్టే సహాయకులు ఉన్నారు. ముందే కాగితాలు పెట్టుకోవాలి. కాగితం లేని నొప్పులూ ఉంటాయి. అట్లాంటి వాళ్ళ పక్కన ఎత్తు బల్ల వేయించమని సెంటర్ చీఫ్‌ను అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. అడగాలి, అంతే. ఆ రోజు ఎవరూ అడగలేదు.

చిన్నక్క మునుగోడు రోడ్డు మీద టైలర్ షాపు పెట్టి పదహారేండ్లయింది. ఊరికి కృష్ణా నీళ్ళు వచ్చాక నొప్పి పెరగడం ఆగింది, ఉన్నది పోలేదు. మెషీన్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. కటింగ్ అంతా ఈమెదే. కటింగ్ బల్ల తన మోచేతుల ఎత్తుకు చేయించుకుంది. మొదటిసారి ఆ బల్ల చూసినప్పుడు నాకు మా బడి కిటికీ గట్టు గుర్తొచ్చి, కాసేపు మాట్లాడలేకపోయాను. బట్ట పరిచి, ఆది జాకెట్టు దాని మీద పెట్టి, చాక్‌తో గీసి, నిలబడే కత్తిరిస్తుంది. అప్పటిలాగే ఒక కాలు కొంచెం ముందుకు.

మొన్న సంక్రాంతికి ముందు మా అమ్మాయి లంగావోణీ బట్ట తీసుకుని పోయాను. గిరాకీ తక్కువగా ఉంది. చాయ్ తెప్పించింది. మాటల్లో మా బడి, సార్లు, చింతచెట్టు వచ్చాయి. ఆ చెట్టు కొట్టేశారట. నేను ఎన్నో ఏండ్లుగా నోటి చివర పెట్టుకుని తిరుగుతున్న మాట ఆ రోజు అన్నాను.

"అక్కా, ఆనాడు నువ్వు నన్నొకటి అడిగినవ్. నేను చెప్పలే."

చాక్ ఆగింది. ఏమని అడగలేదు. గుర్తున్నట్టే ఉంది.

"బిట్ పేపర్ల ఏమొచ్చిందని" అన్నాను.

"ఇప్పుడు చెప్పు మరి" అంది, బట్ట సర్దుకుంటూ.

పదిహేను మార్కుల బిట్లలో నాకు గుర్తున్నది ఒక్కటే. మూలబిందువు నుంచి మూడు, నాలుగు బిందువుకు దూరం ఎంత అని. అదే చెప్పాను.

"ఐదు" అంది చిన్నక్క. కత్తెర తీసుకుని, గీత వెంబడి కత్తిరించడం మొదలుపెట్టింది.